శనివారం కొన్న బానెట్ రేకు

మా వంశంలో శనివారం ఇనుము కొన్న మొదటి మనిషిని నేనే. గొప్పగానే చెబుతున్నాను. తెనాలి నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్టీలు సామాన్ల కొట్టు పెట్టిన మా తాత, శనివారం పూట మేకు కూడా కొనలేదు. కొంటే శని వెంట వస్తుందట. అమ్మడానికి మాత్రం ఏ వారమూ అడ్డు రాలేదు. నేను ఏకంగా ఒక కారు బానెట్‌కి సరిపడా రేకు కొన్నాను. అదీ సగం ధరకి.

ఇక నేను చెప్పబోయేదంతా నిజం. కొట్టు గల్లాపెట్టె మీద ఒట్టు. మా ఇంట్లో దేవుడి మీద ఒట్టేసి అబద్ధమాడినవాళ్ళున్నారు. గల్లాపెట్టె మీద వేసి ఎవరూ ఆడలేదు.

నా దగ్గర ఒక పాత కారుంది. దొరల కాలంనాటి ఒళ్ళు. తుక్కులో కొని, అందులో జీపు ఇంజిన్ పెట్టించాను. ఒళ్ళు ముసలిది, గుండె కుర్రది. ఇలాంటి వాటిని హాట్‌రాడ్ అంటారని తర్వాత తెలిసింది. పెళ్ళి ఊరేగింపులకి, అదే బరాత్‌లకి, అద్దెకి తిప్పాలని నా ఎత్తు. మొదటి బేరం మౌలాలిలో, ఆదివారం సాయంత్రం. అడ్వాన్సు పుచ్చుకున్నాను. బోణీ బేరం చెడితే ఆ వ్యాపారం ఇక లేవదని మావాళ్ళ నమ్మకం. అది మాత్రం నేనూ నమ్ముతాను.

శనివారం పొద్దున చూస్తే బానెట్ మూసుకోవడం లేదు. ఇంజిన్ నెత్తి తగులుతోంది. నడుమ ఉబ్బెత్తుగా ఉండే కొత్త బానెట్ ఆ రోజే చేయించాలి.

తుక్కు దుకాణం అతను నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇయ్యాల శనివారం గదమ్మా. రేపు రాండ్రి."

"అందుకే వచ్చాను. నీకు ఈరోజు గిరాకీ ఉండదుగా? సగానికి ఇచ్చెయ్."

గొణుక్కుంటూ ఇచ్చాడు. ఏదో పాత బండి పైకప్పు కోసిన రేకు. డబ్బులు మాత్రం చేత్తో తీసుకోలేదు. కాంటా మీద పెట్టమన్నాడు. రేటు తగ్గించే మూఢనమ్మకాలంటే నాకు గౌరవమే. పెట్టి వచ్చాను.

లాలాగూడలో ఖాజా భాయ్ షెడ్డు. సొట్టలుపడ్డ కారు రేకుల్ని సాపు చేయడం ఆయన పని. వెనక గదిలోనే కాపురం. రేకును ఇసుక సంచి మీద పెట్టి చెక్క సుత్తి అందుకున్నాడు. టక్ టక్... ఢమ్. టక్ టక్... ఢమ్. రెండు చిన్నవి, ఒకటి పెద్దది. ఆయన చేతికి అదే అలవాటు.

శనివారం సంగతి చెప్పేశాను. నవ్వాడు.

"మాకు శనివారం గినివారం లేదు మేడం. రేకు సగానికి తెచ్చిండ్రు. నాకు సుత సగమే ఇస్తరేమోనని నా పరేషాన్."

ఆయన భార్య షాహీన్ చాయ్ తెచ్చింది. "మీరు ఎదురుంగ కూసుంటేనే ఈయన సుత్తి ఆగుతలేదు మేడం. రోజూ రాండ్రి జెర."

ఎదురుగా కూర్చోకపోతే పని పలచబడుతుందని మా నాన్న సూత్రం. అందుకే రాత్రయినా ప్లాస్టిక్ స్టూలు దిగలేదు.

చివరికి బానెట్ కూర్చుంది. మూస్తే చక్కగా మూసుకుంది. చెయ్యి పెట్టి నిమిరాను. నున్నగా ఉంది. వెల్డింగ్ వేడి ఇంకా ఉంది... గోరువెచ్చగా. షాహీన్ ఎప్పుడో పడుకుంది. ఖాజా భాయ్ చేతులు కడుక్కుంటున్నాడు. రైళ్ళ చప్పుడు కూడా లేదు.

టక్.

బానెట్ లోపలి నుంచి.

"వేడి దిగుతున్నది. రేకు గట్లనే సప్పుడు చేస్తది," అన్నాడు ఖాజా భాయ్, తిరిగి చూడకుండానే.

నిజమే. మా కొట్టులో గిన్నెలు కూడా ఎండ దిగాక చప్పుడు చేస్తాయి. సరేననుకున్నాను.

టక్ టక్... ఢమ్.

కుళాయి ఆగింది. ఆయన మెల్లగా తిరిగాడు. సుత్తి నేల మీద ఉంది. మేమిద్దరం సుత్తినే చూశాం... తర్వాత బానెట్‌ని.

టక్ టక్... ఢమ్.

ఉబ్బెత్తుకి పక్కన, నున్నటి చోట, చిన్న బొడిపె లేచింది. చింతగింజంత. మేం చూస్తుండగానే... నిమ్మకాయంత. లోపలి నుంచి ఎవరో తీరిగ్గా కొడుతున్నట్టు.

ఖాజా భాయ్ ఒక్క ఊపున బానెట్ ఎత్తాడు. ఇంజిన్ ఉంది. గొట్టాలున్నాయి. పిల్లి లేదు, ఎలుక లేదు. సుత్తితో బొడిపెను లోపలికి దించి మూశాడు. ఆయన చెయ్యి ఇంకా రేకు మీదే ఉంది...

ఢమ్.

చెయ్యి లాక్కున్నాడు. అదే చోట. అదే నిమ్మకాయ.

నాకు భయం వేయలేదు. ఇది మాత్రం గొప్పకి చెప్పడం లేదు. ఆ క్షణంలో నాకు కనబడింది ఆదివారం బరాత్ ఒక్కటే. సొట్టబానెట్‌తో పెళ్ళికొడుకును ఎలా ఎక్కించను? నోటికి అలవాటైన మాట వచ్చేసింది.

"సరే... ఎంతకి వదిలేస్తావు?"

ట్యూబులైటు గీ... అంటోంది.

టక్. టక్. టక్. టక్... లెక్కపెట్టాను. పది.

"పదా? అసలు కుదరదు. తగ్గించు."

కాస్త ఆగింది. ఆలోచిస్తున్నట్టు.

టక్. టక్... ఏడు.

"మేడం!" ఖాజా భాయ్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఏం జేస్తున్నరు? ఎవలతోటి బేరం?"

నాకూ తెలియదు. కానీ బేరం మధ్యలో ఆపే అలవాటు లేదు. అమ్మేవాడు దిగకపోతే ఏం చేస్తాం? లేచి నడుస్తాం. లేచాను. వెనక్కి చూడకుండా షట్టర్ వైపు నడిచాను. నిజమైన అమ్మకందారైతే గడప దాటేలోపు పిలుస్తాడు.

షట్టర్ మీద చెయ్యి వేశాను.

వెనక నుంచి... మెల్లగా... బతిమాలుతున్నట్టు...

టక్. టక్. టక్. టక్.

అప్పుడు లేచాయి నా వెంట్రుకలు. పిలిచింది. నన్ను వెనక్కి పిలిచింది.

"ఖాయం," అన్నాను.

టప్ మని చిన్న చప్పుడు. బొడిపె లోపలికి పోయింది. రేకు నున్నగా... ఏమీ జరగనట్టు.

ఖాజా భాయ్ ఆ చోటుని వేలితో తడిమి చూశాడు. చివరికి, "చల్లబడితే లోపలికి పోతది... పోతది," అన్నాడు. నా వైపు చూడలేదు. "గని మేడం... నాలుగేంది? నాలుగు ఏంది?"

అడగలేదు. పుట్టినప్పటి నుంచి బేరాలు చూస్తున్నదాన్ని. కిలోనా, డజనా, వందలా, వేలా... అది అడక్కుండా ధర ఒప్పుకున్నది ఆ ఒక్కసారే.

ఆదివారం పొద్దున్నే రంగు వేశాం. బరాత్ చక్కగా నడిచింది. పెళ్ళికొడుకు ఆ బానెట్ మీద కూర్చుని ఫొటోలు దిగాడు. అది మళ్ళీ చప్పుడు చేయలేదు. వేడి రేకేనేమో. నిద్రలేని ఇద్దరి చెవులేనేమో. ఖాజా భాయ్‌ని అడిగితే మాట మారుస్తాడు.

లెక్క ఇదీ. రేకు పద్నాలుగు వందలు. ఖాజా భాయ్ కూలి పదహారు వేలు, తగ్గించమని నేను అడగలేదు. గ్యాసు, వెల్డింగ్ రెండు వేల రెండు వందలు. రంగు ఆరు వేలు. చాయ్, బిస్కెట్లు నూట ఎనభై. మొత్తం ఇరవై అయిదు వేల ఏడు వందల ఎనభై. పెళ్ళివాళ్ళిచ్చింది ముప్పై వేలు. మిగిలింది నాలుగు వేల రెండు వందల ఇరవై.

ఇవ్వాల్సింది, నాలుగు. ఇంకా ఎవరూ వచ్చి అడగలేదు.