ఇరవై ఆరు మిల్లీమీటర్ల విందు

ఆ వీధిలో ఆయన్ని అందరూ పళ్ళాయన అంటారు. అలాగని డాక్టరు కాదు. డాక్టర్లు కొలతలు పంపిస్తే, తన ఇరుకు గదిలో కూర్చుని ప్లాస్టర్‌తో అచ్చులు పోసి, మైనం చెక్కి, కట్టుడు పళ్ళ సెట్లు తయారుచేసి ఇస్తాడు. వీధిలో సగంమంది పెద్దవాళ్ళ నవ్వు ఆయన చేతి మీదుగా వచ్చిందే. ఆయన మాత్రం నవ్వడం తక్కువ, మాట్లాడటం ఇంకా తక్కువ. ఇరవై ఏడేళ్ళుగా ఆ మౌనంతో కాపురం చేస్తున్న భార్యకి ఒక్కోసారి ఒళ్ళు మండేది. "ఊరందరి నోళ్ళూ బాగుచేస్తారు, మీ నోరు మాత్రం పెగలదు" అని దెప్పేది. ఆయన కాసేపు నీళ్ళు నమిలి, మళ్ళీ పనిలో పడిపోయేవాడు.

అలాంటి మనిషి ఒక సాయంత్రం సంచీ నిండా టమాటాలు, వంకాయలు, రొట్టెలు, తెల్లటి మెత్తని చీజ్ మోసుకొచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు.

"వదిన పార్టీకి తినేవన్నీ నేనే చేస్తాను" అన్నాడు.

భార్య ఆయన వంకా సంచీ వంకా మార్చి మార్చి చూసింది. ఈయన చేత్తో ఆ వంటింట్లో ఇంతవరకూ పొయ్యి వెలిగింది లేదు.

వదిన అంటే ఆవిడ అక్కయ్య. ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసి, ఆ శనివారం ఉద్యోగం నుంచి దిగిపోబోతోంది. ఆవిడ గొంతు వెనక సీటువాళ్ళకే కాదు, వెనక బస్సువాళ్ళకి కూడా వినిపిస్తుందని డిపోలో చెప్పుకునేవారు. తిండి దగ్గర మొహమాటం ఎరగని మనిషి. ఎవరి డబ్బా మూత తీసినా అందులో చెయ్యి పెట్టేది, నోటినిండా పెట్టుకుని కబుర్లు చెప్పేది. చిన్నప్పుడు వాళ్ళమ్మ "మింగి మాట్లాడవే" అని ఎన్ని మొట్టికాయలు వేసినా ఆ అలవాటు పోలేదు.

రెండేళ్ళ కిందట దవడలో కణితి వచ్చింది. ఆపరేషన్ చేసి తీసేశారు, ప్రాణం నిలబడింది. కానీ నోరు పూర్తిగా తెరుచుకోవడం మానేసింది. కింది పెదవి ఎడమ సగానికి స్పర్శ పోయింది. పనిలోకి తిరిగొచ్చిన కొత్తలో ఒకరోజు డిపో క్యాంటీన్‌లో తింటూ మాట్లాడుతుంటే, గడ్డం మీదుగా ఏదో కారింది. ఆవిడకి తెలియలేదు. ఎదురుగా ఉన్నవాళ్ళ చూపులు పక్కకి తిరిగాక తెలిసింది. ఆ రోజు నుంచి ఆవిడ తింటుండగా చూసినవాళ్ళు లేరు. చెల్లెలి ఇంటికొచ్చినా పళ్ళెం పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకునేది. ఎక్కడికి పిలిచినా ఒకటే మాట, ఇప్పుడే తిని వచ్చానని.

పార్టీ అనగానే ఆవిడ డిపోవాళ్ళతో తెగేసి చెప్పింది. "టీ ఇచ్చి, నాలుగు మాటలు చెప్పి పంపించెయ్యండి. భోజనాలు పెట్టారో, నేను రాను." కుర్ర డ్రైవర్లు బతిమాలి, నిలబడి తినే చిన్న చిన్న ఇటాలియన్ ఐటమ్స్ దాకా ఒప్పించారు. ఆ కబురు వినగానే చెల్లెలికి జరగబోయేది కళ్ళకి కట్టింది. నలభై మంది తింటూ ఉంటే, ఎవరి కోసం పార్టీయో ఆ మనిషే ఖాళీ చేతులతో నిలబడుతుంది. ఆ మాటే భర్త దగ్గర అని, ఆ రాత్రి కళ్ళొత్తుకుంది. ఆయన విన్నాడు. మర్నాడు సంచీతో దిగాడు.

బుధవారం పొద్దున్న భార్య వంటింట్లోకి వెళ్ళి కెవ్వుమన్నంత పని చేసింది. కూరగాయల పీట మీద, టమాటాల పక్కన, తన అక్కయ్య పళ్ళు ఉన్నాయి. అంటే, ఆపరేషన్ తర్వాత సెట్టు చెయ్యడానికి ఆయన పోసుకున్న ప్లాస్టర్ అచ్చు. పైదవడకీ కింది దవడకీ మధ్య చిన్న మైనం ముక్క నిలబెట్టి ఉంది.

"ఇదేమిటండీ?"

"ఇరవై ఆరు" అన్నాడాయన. "వదిన నోరు తెరుచుకునేది ఇరవై ఆరు మిల్లీమీటర్లు. పోయిన నెల కొలిచాను. పద్దెనిమిదికి మించకుండా చేస్తే కొరకక్కర్లేదు, నేరుగా లోపలికి పోతుంది."

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. ఈ మనిషి ఒక్క గుక్కలో ఇంత మాట్లాడి ఎన్నాళ్ళయిందో ఆవిడకి గుర్తు రాలేదు.

చెయ్యాల్సినవి మూడే, మూడూ తేలికైనవే. సన్నగా కోసి కాల్చిన రొట్టె ముక్క మీద తరిగిన టమాటా. చిట్టి టమాటా, చీజ్ ఉండ, తులసిలాంటి బేసిల్ ఆకు గుచ్చిన పుల్ల. వేయించిన వంకాయ రేకులో మెత్తని చీజ్ పెట్టి చుట్టిన చుట్ట. తెలిసినవాళ్ళయితే గంటలో చేసి పారేస్తారు. పళ్ళాయన మూడు రోజులు చేశాడు. చిట్టి టమాటాల తోలు పళ్ళకింద జారుతుందని, ఒక్కొక్కదాన్నీ వేడినీళ్ళలో ముంచి, తన చిన్న కత్తితో తోలు ఒలిచాడు. కాల్చిన రొట్టె గట్టిగా ఉంటే దవడ నొప్పెడుతుంది, మెత్తబడితే చేతిలోనే విరిగిపోతుంది. టమాటా పెట్టాక ఎన్ని నిమిషాలకి సరిపోతుందో గడియారం ఎదురుగా పెట్టుకుని చూశాడు. పదకొండు నిమిషాలని తేల్చాడు. తేలినదాన్ని అచ్చు పళ్ళ మధ్య పెట్టి మూసి, తెరిచి, కళ్ళజోడు పైకెత్తి పరీక్షించాడు.

గురువారం సాయంత్రానికి అన్నీ కుదిరాయన్నాడు. అచ్చుని భార్య ముందు పెట్టి, ఒక్కో ముక్కా అందులోకి ఎలా దూరుతుందో చూపించాడు. పళ్ళు తప్ప ఆయన కంటికి ఇంకేదీ ఆనలేదు. ఆవిడకి మాత్రం అందులో లేనిది వెంటనే ఆనింది.

"అంతా బాగానే ఉంది గానీ, దీనికి పెదవేదండీ?"

ఆయన అచ్చు వంక చూశాడు.

"అక్కయ్య బాధ పళ్ళు కాదు. పెదవి. ఈ నూనె, ఈ టమాటా నీళ్ళు ఎడమవైపు నుంచి కారితే దానికి తెలియదు. అందుకే కదా తలుపేసుకుంటోంది."

పళ్ళాయన కళ్ళజోడు తీసేశాడు. రెండు రోజులు అచ్చు దగ్గర కూర్చుని కొలిచినవాడు, అసలు సంగతి మర్చిపోయాడు. అచ్చు తీసుకుని తన గదిలోకి వెళ్ళిపోయాడు. చిన్నబుచ్చానేమోనని ఆవిడ నొచ్చుకుంది.

శుక్రవారం పొద్దున్నే బయటికి వెళ్ళి, మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి ఆయన మూతి ఒకవైపు వేలాడుతోంది. పక్షవాతమేమోనని ఆవిడ హడలిపోయింది. తీరా చూస్తే, తను పళ్ళు చేసిచ్చే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, పంటి నొప్పీ పాడూ లేకుండా, కింది పెదవి ఎడమ సగానికి మత్తు ఇంజెక్షన్ వేయించుకుని వచ్చాడు. డాక్టరమ్మ వద్దని ఎంత చెప్పినా చెవిన పెట్టలేదట. మూడు రకాలూ పళ్ళెంలో పెట్టుకుని, గోడకున్న అద్దం ముందు నిలబడి, ఒక్కొక్కటే తినడం మొదలుపెట్టాడు. నూనె గడ్డం మీదుగా చొక్కా మీదికి కారింది. ఆయన అద్దంలో చూస్తూ, కాగితం మీద రాసుకుంటూ, మళ్ళీ ఇంకోటి నోట్లో పెట్టుకున్నాడు. మధ్యలో పెదవి కొరుక్కున్నాడు కూడా, రక్తం వచ్చినా తెలియలేదు. తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడిన భార్యకి నవ్వాలో ఏడవాలో తోచలేదు. ఇరవై ఏడేళ్ళూ ఈ మనిషిని తను ఏం చూసినట్టు అనుకుంది.

సాయంత్రానికి మత్తు దిగింది. రాసుకున్న ప్రకారం ఆయన అన్నీ మార్చాడు. టమాటాని జల్లెడలో వేసి నీళ్ళు వాడ్చాడు, నూనెని విడిగా చల్లకుండా చీజ్‌లో కలిపేశాడు. ఆవిడ పక్కన కూర్చుని వంకాయ రేకులు చుట్టింది. చుట్ట పద్దెనిమిది దాటితే ఆయన విప్పి మళ్ళీ చుట్టించాడు, ఆవిడ విసుక్కోలేదు.

శనివారం డిపో విశ్రాంతి గదిలో బల్లలు వరసగా కలిపి, మీద తెల్ల కాగితం పరిచారు. చెల్లెలు భయపడినట్టే అయింది. అక్కయ్య వస్తూనే టీ క్యాన్ దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళందరికీ తనే టీ పోసివ్వడం మొదలుపెట్టింది. చేతులు ఖాళీ లేని మనిషిని తినమని ఎవరంటారు? కుర్ర డ్రైవర్లు మాత్రం ట్రేల మీద పడ్డారు. ఇంత చిన్నవి కొరికేదేముంది, ఒక్కొక్కరూ ఒక్కోటి నోట్లో వేసుకుని, బుగ్గలు ఉబ్బించుకుని, మాట్లాడాల్సి వస్తే అరచెయ్యి అడ్డం పెట్టుకుంటున్నారు. గదిలో అందరూ అలాగే తింటున్నారు.

పళ్ళాయన కూడా తిన్నాడు. గడ్డం మీద ఎడమవైపు చిన్న టమాటా ముక్క అంటుకుంది. భార్య దూరం నుంచి కళ్ళతో సైగ చేసింది, తన గడ్డం తడుముకుని చూపించింది. ఆయన చూసీ చూడనట్టు ఊరుకుని, ట్రే పట్టుకుని నేరుగా టీ క్యాన్ దగ్గరికి వెళ్ళాడు. తినమని అనలేదు. ట్రే పట్టుకుని నిలబడ్డాడంతే.

అక్కయ్య వంకాయ చుట్టని రెండు వేళ్ళతో తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. ప్రతి నెలా తన నోట్లో కొలబద్ద పెట్టి అంకె చెప్పేది ఈయనే.

"ఎంతకి చుట్టారు మరిదిగారూ?" అంది మెల్లగా.

"పద్దెనిమిది."

ఆవిడ రెండో చేతిలోని టీ కప్పు బల్ల మీద పెట్టింది. తర్వాత చుట్టని నోట్లో పెట్టుకుంది. చెల్లెలు దూరం నుంచి చూస్తోంది. అక్కయ్య నమిలింది, మింగింది. రొట్టె ముక్క కూడా తీసి వేసుకుంది. ఎడమవైపు పెదవి కింద టమాటా తునక ఒకటి నిలిచిపోయింది, ఆవిడకి తెలియలేదు. చెల్లెలు కొంగు పట్టుకుని ఒక అడుగు ముందుకేసింది.

అప్పుడే అక్కయ్య చూపు మరిది ముఖం మీద పడింది.

"మీ గడ్డం మీద టమాటా ఉంది, తుడుచుకోండి."

"మీకూ ఉంది వదినా" అన్నాడాయన, మామూలుగా.

అక్కయ్య చెయ్యి గడ్డం మీదికి పోయింది. ఒక్క క్షణం ముఖం బిగుసుకుంది. ఎదురుగా టమాటా గడ్డంతో నిలబడ్డ మరిదిని చూసి, ఆపుకోలేక నవ్వింది. వేలితో తుడుచుకుని, ట్రేలోంచి ఇంకోటి నోట్లో వేసుకుని, నోటినిండా ఉండగానే, "ఒరేయ్, టీ మీరే పోసుకోండిరా, నేను తినాలి" అని గదంతా వినిపించేలా అరిచింది. వెనక బస్సు దాకా వినిపించే గొంతు అది. చెల్లెలు గోడవైపు తిరిగి పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఇంటికొచ్చాక ఆయన ట్రేలు కడుగుతుంటే ఆవిడ పక్కన నిలబడి తుడిచింది.

"మత్తు నిన్న సాయంత్రమే దిగిపోయింది కదండీ?"

"ఊఁ."

"మరి గడ్డం మీద అంతసేపు టమాటా ఉంటే తెలియలేదా?"

"తెలిసింది" అన్నాడు పళ్ళాయన, ఇంకో ట్రే అందిస్తూ.