వెర్నా కోస్కో చావు సీను

మా దయ్యాల సినిమాలకి రక్తం వెర్నా కోస్కో వంటింట్లో కాగేది. మొక్కజొన్న పాకం, ఎర్ర రంగు, చెంచాడు కోకో పొడి. కోకో వెయ్యకపోతే తెరమీద జామ్‌లా కనిపిస్తుందని కనిపెట్టింది ఆవిడే. ముప్పై ఏళ్లు మా బడి క్యాంటీన్‌లో వండిన మనిషి. నేనూ, నా కెమెరామన్ గస్సూ ఆవిడ వడ్డించింది తిని పెరిగినవాళ్లమే. నాకు యాభై దగ్గరపడుతున్నా ఆవిడ ఎదుట నోటికి 'మిసెస్ కోస్కో' తప్ప ఇంకోటి రాదు.

పన్నెండేళ్లలో తొమ్మిది సినిమాలు తీశాం. పిట్స్‌బర్గ్ దాటి ఒక్కటీ పోలేదు. ఊళ్లో ఆడాయంటే ఆవిడ చలవే. మంగలి షాపు నుంచి చర్చి దాకా పోస్టర్లు అంటించేది. "మన పిల్లలు తీసింది మనం చూడకపోతే ఇంకెవరు చూస్తారే?" అని బింగో ఆడే ముసలమ్మలందర్నీ వెంటేసుకొచ్చేది. షూటింగుకి పియరోగీలు, అదే ఆలుగడ్డ కూరిన కుడుములు, గిన్నెలకొద్దీ మోసుకొచ్చి, మేం తినేదాకా కదిలేది కాదు.

మాకో ఆచారం ఉంది. సాయం చేసినవాళ్లని సినిమాలో చంపుతాం. మెకానిక్‌ని చంపాం, పోస్టుమాన్‌ని రెండుసార్లు చంపాం. వాళ్లు తెరమీద చస్తుంటే హాలంతా పేరు పెట్టి అరిచి చప్పట్లు కొడతారు.

"నా వంతెప్పుడురా లైల్? నిజంగా పోయాక చంపుతావా?" అనేది ఆవిడ.

"మీరు పోతే రక్తం ఎవరు కాస్తారు?" అని నవ్వి తప్పించుకునేవాణ్ణి.

అసలు సంగతి, ఆవిడ కెమెరా కేసి చూసి నవ్వి సీను పాడుచేస్తుందని నా భయం. పదో సినిమాని పెద్ద ఫెస్టివల్‌కి పంపాలని కలలు కంటున్నాను. కానీ ఈసారి షూటింగంతా ఆవిడ ఇంట్లోనే. కాదంటే బాగుండదు. అందుకని గస్ చెవిలో "ఖాళీ షాట్" అన్నాను. అంటే కెమెరా నడిపినట్టు నటించడం. మొహమాటం తీర్చుకోడానికి మేం చేసే వెధవ పని అది. అంతకుముందు మేయర్‌కీ చేశాం.

మధ్యాహ్నం మూడింటికి ఆవిడ మంచి గౌను వేసుకుని నేలమాళిగ మెట్లు దిగింది. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ వెనక ఏదో నిలబడి ఉందనుకుని కేకపెట్టమన్నాను. ఆ ఫర్నేస్ బాగుచేస్తూనే ఆవిడ భర్త ఎర్ల్ అక్కడ కుప్పకూలి చనిపోయాడు. ఊరందరికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ క్షణాన మాత్రం గుర్తు రాలేదు.

ఆవిడ కేక వెయ్యలేదు. ఫర్నేస్ పక్కన ఖాళీ చోటుకేసి చాలాసేపు చూసింది. "అన్నం తిన్నావా ఎర్ల్?" అంది మెల్లగా. తరవాత గోడకి జారబడి, అలా కిందికి కూర్చుండిపోయింది.

పన్నెండేళ్లుగా నేనెవరిచేతా చేయించలేకపోయింది అదే. గస్ నాకేసి చూశాడు. కెమెరా మీద ఎర్ర దీపం వెలగడం లేదు.

"ఇంకొక్కసారి చేద్దామా మిసెస్ కోస్కో?" అన్నాను.

"ఏం, బాగా రాలేదా?"

"అయ్యో, బ్రహ్మాండంగా వచ్చింది. ఎందుకైనా మంచిదని."

"వచ్చిందిగా, చాలు. ఇంకోసారి నావల్ల కాదురా" అని కళ్లు తుడుచుకుని పైకెళ్లిపోయింది.

కొన్ని నెలల తరవాత ఒక ఆదివారం, చర్చి అయ్యాక ఫైర్ స్టేషన్ హాల్లో మొదటి ఆట. ఆవిడ ఈరీ ఊరినుంచి అక్క ఐరీన్‌ని రప్పించి ముందు వరసలో కూర్చోబెట్టింది. నేను వెనక తలుపు దగ్గర నిలబడ్డాను. తెరమీద నేలమాళిగ కనిపించినప్పుడల్లా ఆవిడ అక్క మోచెయ్యి పట్టుకునేది. సినిమా అయిపోయింది. పేర్లన్నీ పైకి వెళ్లేదాకా ఇద్దరూ లేవలేదు.

కంప్యూటర్ పాడై ఆవిడ సీను పోయిందని అబద్ధం సిద్ధం చేసుకున్నాను. దాని అవసరమే లేకపోయింది. ఆవిడే నా దగ్గరికొచ్చి భుజం తట్టింది.

"నేను చెడగొట్టాను కదరా? కేక వెయ్యమంటే ఏదో వాగాను. నటించడం నాకేం తెలుసు?"

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. ఐరీన్ పక్కనే నిలబడి నా మొహంలోకి చూస్తోంది.

"అవునండీ, కొంచెం సరిగ్గా రాలేదు" అన్నాను.

"ఫరవాలేదులే" అని ఆవిడ నన్ను ఓదార్చింది.