వందకు మించని భోజనం

మూడో అంతస్తు బాబాయిగారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. వండింది ఏదైనా సరే, అందులో ఎన్ని క్యాలరీలున్నాయో తేల్చకుండా నోట్లో పెట్టుకోరు. కూర తూస్తారు. గరిటకు అంటుకున్న కూరను విడిగా తూస్తారు. ఆ గరిట కడిగి, తుడిచి మళ్లీ తూస్తారు. ఉప్పు సరిపోయిందో లేదోనని నాలుక మీద వేసుకున్న బొట్టు కూడా "రుచి చూచుట: రెండు" అని పుస్తకానికెక్కాల్సిందే.

ఇది ఉద్యోగం అంటించిన రోగం. ముప్పై నాలుగేళ్లు ఆయన లారీలు తూచే కాటా దగ్గర పనిచేశారు. సరుకుతో వచ్చిన లారీని ఒకసారి, దింపేశాక ఖాళీ లారీని ఒకసారి తూచి, తేడా ఎంతో చీటీ రాసివ్వడం ఆయన పని. డ్రైవర్లు బతిమాలారు, బెదిరించారు, ఒకాయనైతే కాళ్లు కూడా పట్టుకున్నాడు. అయినా ఒక్క కిలో తేడాగా రాసిన పాపాన పోలేదు. రిటైరయ్యాక తూచడానికి లారీలు దొరక్క గిన్నెల మీద పడ్డారు. కొన్నాళ్లు భోజనానికి ముందు, తర్వాత తనను తాను కూడా తూచుకున్నారు.

రెండో అంతస్తు టైలరు ఒకసారి తెలియక ఆయన్ని తన పుట్టినరోజు భోజనానికి పిలిచాడు. బాబాయిగారు జేబులోంచి చిన్న త్రాసు తీసి పళ్లెం పక్కన పెట్టారు.

"బాబాయ్, మీరు తినడానికొచ్చారా, తనిఖీకొచ్చారా?"

"తినడానికేనోయ్. నూనె ఎన్ని చెంచాలు పోశారో చెబితే మొదలుపెడతా."

"మా ఆవిడ పోసింది. ధైర్యముంటే వెళ్లి అడగండి."

ఆయన వెళ్లి అడిగారు. ఆ తర్వాత టైలరు పుట్టినరోజు ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయిందో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఇవన్నీ ఎదురు వాటాలో ప్రూఫులు దిద్దే ఆవిడకు తెలుసు. కానీ నవ్వే ఓపిక లేదు. ఆ ఇంట్లో అక్కాచెల్లెళ్లిద్దరే ఉండేవారు. అక్క వంటింట్లో ఒక చేత్తో కూర కలుపుతూ, రెండో చేత్తో రాతప్రతి పట్టుకుని కామాలు, ఫుల్‌స్టాపులతో సహా పైకి చదివేది. చెల్లెలు బల్ల దగ్గర కూర్చుని అచ్చు కాగితం మీద ఎర్ర పెన్నుతో దిద్దేది. అక్క పోయి నాలుగు నెలలైంది. ఇప్పుడు చదువుకోవడం, దిద్దుకోవడం రెండూ ఆవిడే, అదీ మనసులోనే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇంట్లో మాటన్నది ఉండదు. ప్రెస్సు వాళ్లు ఫోన్ చేస్తే, గొంతు పెగలడానికి ముందు రెండుసార్లు దగ్గాల్సి వస్తోంది. పొయ్యి టీకి తప్ప వెలగడం లేదు. ఆకలేస్తే సింకు దగ్గర నిలబడి నాలుగు బిస్కెట్లు తినడం, అంతే. ఒక్కదాని కోసం గిన్నె కడగబుద్ధి కాదు. బట్టలు వదులైపోతే టైలరు చేత రెండుసార్లు బిగింపించుకుంది.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం ఏడింటికి బెల్లు మోగింది. గిన్నెతో బాబాయిగారు.

"అమ్మా, ఈ పూట నా లెక్క అయిదొందలు. వండింది ఎనిమిదొందల ఇరవై తేలింది. పైనున్న మూడొందల ఇరవై మీరు పుచ్చుకుంటే నా పుస్తకం సరిపోతుంది."

"ఆకలి లేదు బాబాయిగారూ."

"ఆకలి అక్కర్లేదమ్మా. ఖాళీ ఉంటే చాలు."

ఎలాగైనా వదిలించుకోవాలని ఆవిడ నోటికొచ్చింది చెప్పేసింది. "నేను రాత్రిపూట వంద క్యాలరీలు దాటి తిననండీ."

ఆయన ముఖం చేటంతయింది. ఆ మెట్ల మీద తనతో క్యాలరీల్లో మాట్లాడిన మొదటి మనిషి ఆవిడే మరి.

"వందా? సరిగ్గా వందే తెస్తా."

మర్నాడు ఏడింటికి తెచ్చారు. చిన్న గిన్నెలో అన్నం, కూర. ఇచ్చి ఆయన గుమ్మంలోనే నిలబడ్డారు. "ఇక్కడే తినేయాలమ్మా. ఖాళీ గిన్నె తూస్తే గాని నా లెక్క తెగదు." ఈయన వెళ్తే చాలనుకుని ఆవిడ గబగబా తినేసింది. ఆయన గిన్నె తూచి, పుస్తకంలో ఏదో రాసుకుని, ఎదురింట్లోకి వెళ్లి తలుపేసుకున్నారు.

అక్కణ్ణుంచి రోజూ అదే తంతు. వారం తిరిగేసరికి అన్నం మీదికి ఒక గుడ్డు వచ్చింది.

"ఇది కూడా వందేనా?"

"వందే. చిన్న కోడిది. గుడ్డు మొత్తం పదికి మించదు."

"పైన నూనె తేలుతోంది?"

"తేలుతోందంటేనే బరువు లేదని, అమ్మా."

నెల తిరిగేసరికి గిన్నె పోయి బేసిన్ వచ్చింది. మూడో నెలలో మూడు గిన్నెల క్యారేజీ దిగింది. అదీ వందే. ఆవిడ వాదించలేదు. అంకెలు ఎవరికి కావాలి? ఏడుకు పది నిమిషాల ముందే తన చెవులు ఎదురింటి గడియ చప్పుడు కోసం ఎదురుచూస్తున్నాయని మాత్రం ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరూ లేరు కూడా. టైలరు బిగించిన కుట్లన్నీ విప్పి ఇచ్చాడు.

అంతలో ప్రెస్సు నుంచి బడిపిల్లల ఆరోగ్యపాఠాల ప్రూఫులు వచ్చాయి. ఒక మధ్యాహ్నం దిద్దుతుంటే ఆహారపదార్థాల పట్టిక తగిలింది. కోడిగుడ్డు ఒకటి, డెబ్బై ఎనిమిది. ఆవిడ వెంటనే పక్కన ఎర్ర పెన్నుతో ప్రశ్నార్థకం పెట్టింది. పుస్తకం తప్పయినా కావచ్చు గాని, కాటా బాబాయిగారు తప్పడమా? తర్వాత బీరువాలోంచి ఇంకో మూడు పుస్తకాలు తీసి చూసింది. మూడింట్లోనూ డెబ్బై ఎనిమిదే.

పెన్సిలు తీసుకుని నిన్నటి క్యారేజీని కూడింది. అన్నం, బంగాళాదుంప కూర, రెండు గుడ్లు, నూనె. ఏడొందల నలభై అయిదు వచ్చింది. మళ్లీ కూడినా అంతే.

తను తిన్నదో లేదో ఇన్నాళ్లుగా ఒక మనిషి పట్టించుకున్నాడు. అది తెలిసి గుండె నిండిపోయింది, వెంటనే భయమూ వేసింది. ఇరవై ఏళ్లుగా కళ్లబడ్డ తప్పును దిద్దకుండా వదిలింది లేదు. ఇది దిద్దితే ఆయన సిగ్గుపడి, రేపు ఏడింటికి బెల్లు మోగకపోతే?

అయినా ఆ సాయంత్రం క్యారేజీ అందుకుని, "బాబాయిగారూ, చిన్న సాయం. లోపలికొచ్చి ఈ పట్టిక పైకి చదివిపెడతారా? నేను దిద్దుకుంటా" అంది.

క్యాలరీల పట్టిక అనేసరికి ఆయన సంబరంగా వచ్చి కూర్చుని కళ్లజోడు సర్దుకున్నారు.

"అన్నం, వంద గ్రాములు, నూట ముప్పై. బంగాళాదుంప, ఉడికించినది, వంద గ్రాములు, ఎనభై ఏడు."

ఒకరు చదువుతుంటే ఒకరు దిద్దడం ఆ ఇంట్లో ఎన్నాళ్లకో. ఆవిడకు కాగితం కాస్త మసకగా కనిపించింది.

"కోడిగుడ్డు, ఒకటి..." ఆయన ఆగిపోయారు.

"చదవండి."

"అచ్చు సరిగ్గా పడలేదమ్మా."

"పడింది. మూడు పుస్తకాలు చూశాను."

"డెబ్బై... ఎనిమిది" అన్నారు, ఎక్కువ బరువుతో పట్టుబడ్డ డ్రైవరు గొంతుతో. ఆ పైన తనే చెప్పారు. "మొదటిరోజు నిజంగానే వంద తూచానమ్మా. రెండు ముద్దలొచ్చింది. అది పట్టుకుని మీ గుమ్మం దాకా వచ్చి బెల్లు కొట్టలేక వెనక్కి పోయా. మళ్లీ నింపి తెచ్చా. కానీ పుస్తకంలో మాత్రం అబద్ధం రాయలేదు. నోటితోనే ఆడాను. కావాలంటే చూసుకోండి."

ఆయన చాచిన లెక్కల పుస్తకం ఆవిడ తిప్పింది. తన పేరు మీద రోజుకో అంకె, అన్నీ నిఖార్సైనవే. మూడొందల పది, మూడొందల అరవై, అయిదొందలు. నిన్నటిది ఏడొందల యాభై రెండు.

"నాకు ఏడొందల నలభై అయిదే వచ్చింది."

"గిన్నె అడుగున వేపుడు ముక్కలు మరిచిపోయుంటారు."

పక్క గడిలో ఆయన భోజనం ఉంది. నూట తొంభై. రెండొందల పది. నూట ఎనభై.

"మీ అయిదొందలు ఏమయ్యాయి బాబాయిగారూ?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఒక్కణ్ణీ కూర్చుంటే దిగదమ్మా. ఇక్కడ మీరు తింటుంటే నిలబడి చూస్తానే, అప్పుడే కాస్త ఆకలేస్తుంది. ఇంటికెళ్లేసరికి పోతుంది."

ఆవిడ ఎర్ర పెన్నుకు మూత పెట్టేసింది.

"రేపటి నుంచి నాకు వంద చాలదు. రెండొందలు కావాలి. నాదో వంద, మీదో వంద. ఇక్కడే, కూర్చుని."

బాబాయిగారు వేళ్ల మీద ఏదో లెక్కేసుకున్నారు. "మన వందలు రెండంటే, తక్కువలో తక్కువ పదిహేనొందలు. ఈ క్యారేజీలో పట్టదమ్మా. గిన్నె పెద్దది కావాలి."

"నా దగ్గరుంది" అంటూ ఆవిడ వంటింట్లోకి వెళ్లి, స్టూలెక్కి, పై అర తలుపు తీసింది. నెలల తరబడి కదలని గిన్నెలు ఒకదానికొకటి తగిలి ఇల్లంతా మోగింది.

"ఏది దించమంటారు?"

"పెద్దదే దించు తల్లీ" అన్నారు ఆయన బల్ల దగ్గర్నుంచి. "తూకం సంగతి నేను చూసుకుంటా."