అమ్మిరాజుగారు పంచిన పదకొండు అంట్లు

రెండుసార్లు మొక్కలు ఎండిపోయిన చోటే మూడోసారి సపోటా కాయించడం అమ్మిరాజుగారి మొదటి గెలుపు. నరసాపురం దిగువన, సముద్రపు ఉప్పు ఊరే ఆ ఎకరంలో గడ్డి తప్ప ఏదీ బతకదని ఊరంతా తేల్చేసింది. ఆయన గోదారి ఒండ్రు బళ్ళతో తోలించి, కాలువలు తీసి, ఏటా వాననీటితో ఉప్పు కడిగి, ఏడో ఏట మొదటి బుట్ట కోశారు. ఎనిమిదో తరగతి దాటని ఆయన మాట వినడానికి వ్యవసాయ కాలేజీ పిల్లలు రెండుసార్లు బస్సేసుకుని వచ్చారు. మండలంలో ఉత్తమ రైతు శాలువా ఆయనదే. తుపానుకు ఒరిగిన చెట్లను తాళ్ళు కట్టి లేపి, మళ్ళీ కాపుకు తెచ్చిందీ ఆయనే.

ఊళ్ళో ఎవరు గృహప్రవేశం చేసుకున్నా ఆయనిచ్చిన మొక్క ఆ పెరట్లో పడాల్సిందే. శాలువా కంటే ఆయనకు ఆ మర్యాదే ఎక్కువ. మూడేళ్ళ క్రితం నర్సరీ నుంచి సపోటా అంట్లు తెప్పించి, తన తోటలో కొన్ని పెట్టుకుని, పదకొండు ఇళ్ళకు స్వయంగా మోసుకెళ్ళి ఇచ్చారు.

ఆ పదకొండిళ్ళలో ఒకటైన లోవలక్ష్మి పెరట్లో మొక్క కవరు చింపుతుంటే మట్టిలోంచి సగ్గుబియ్యంలాంటి గింజలు రాలాయి.

"ఇవేంటండీ రాజుగారూ?"

"మందు గుళికలమ్మా. నర్సరీవాళ్ళు కలుపుతారు. ఒక్కటీ పోనివ్వకు."

ఆమె గొంతుక్కూర్చుని ఒక్కొక్కటే ఏరి, మొక్క మొదట్లో పెట్టి మట్టి కప్పింది.

ఆ తర్వాతి వర్షాకాలానికి ఊరి మీద పిడికిలంత నత్తలు పడ్డాయి. ఆఫ్రికా నత్తలన్నారు. పొద్దుగూకితే బయటికొచ్చి, తెల్లారేసరికి లేత బొప్పాయి మొక్కల్ని మొదలంటా కొరికేసేవి. కాలవ నీళ్ళలో కొట్టుకొచ్చాయని టీ కొట్టు దగ్గర గట్టిగా చెప్పింది అమ్మిరాజుగారే. కిందటేడు వానల్లో తన చెట్టు పాదు తవ్వుతుంటే అలాంటి తెల్లగింజలే బయటపడ్డాయి. ఒకటి పగిలి, అందులోంచి గోరంత నత్త కొమ్ములు చాపింది. ఆయన పాదు మళ్ళీ మట్టితో కప్పేశారు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మొదటిసారి వేసిన బొప్పాయి నత్తల పాలైన లోవలక్ష్మి, అప్పటికింకా తన అరెకరంలో రెండోసారి పెట్టలేదు. ఆయన నోరు విప్పి ఉంటే పెట్టేదీ కాదు.

అదీ పోయింది. ఈ మే నెలలో ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మూడోసారి పెట్టమంటారాండీ? లేదంటే అరెకరం రొయ్యల చెరువుకి ఇచ్చేస్తానండి. మీ మాటే."

చెరువు తవ్వితే ఉప్పు మళ్ళీ చుట్టుపక్కల నేలంతా ఎక్కుతుంది. తను అవునన్నా కాదన్నా ఆమె నమ్మేస్తుంది. ఆ రోజు గుళికలంటే నమ్మినట్టే.

"అమ్మాయ్, ఆ రోజు నువ్వు ఏరి పెట్టినవి గుళికలు కావు. నత్తగుడ్లు. తెలిసి కూడా ఏడాదిగా చెప్పలేదు."



"మందు బాగానే పనిచేసిందండి," అంది ఆమె. "నా చేతుల్తోనే పెట్టుకున్నాను కదండీ. కిందటేడైనా చెప్పాల్సిందండి."

"ఆయ్. చెప్పాల్సింది."

"పోనీ నత్తల మీద ఉప్పు చల్లేద్దామాండీ?"

"వద్దు తల్లీ! ఈ నేలలో ఉప్పు దించడానికే నా సగం వయసు పోయింది."

మర్నాటి నుంచి పొద్దున్నే ఆయన ఆమె పొలంలో దిగారు. కొబ్బరిడొక్కల కింద, గట్టు నెర్రెల్లో, మూతికి తెల్లపొర బిగించుకుని ఎండాకాలం దాటేస్తున్న నత్తల్ని పుల్లతో లాగి ఉప్పునీళ్ళ బకెట్లో వేశారు. మిగతా పది ఇళ్ళకూ వెళ్ళి అదే మాట చెప్పారు. కొందరు మంచినీళ్ళిచ్చారు, కొందరు ఇవ్వలేదు.

"ఇంకా లోపల ఎన్నున్నాయోనండి," అంది లోవలక్ష్మి. "మొక్కలెప్పుడు పెట్టనండీ?"

"మొదటి వానకి మిగిలినవి లేస్తాయి. తడి గోనెలు పరిచి, ఎరగా బొప్పాయి ఆకులేసి ఏరేద్దాం. అవయ్యాకే మొక్క. అప్పటిదాకా చెరువు మాటెత్తకు."

ఆమె వరండాలోని క్యాలెండరు దగ్గరికెళ్ళి, వానలు మొదలయ్యే తేదీ చుట్టూ పెన్నుతో సున్నా చుట్టింది: మృగశిర కార్తె, జూన్ ఎనిమిది.