వసుంధర ఆంటీ ఎంచుకున్న డీజిల్ బండి

ఈ ఉదయం టూవూంబా పడమటి శివారు బంకులో బండికి డీజిల్ పట్టుకుని గన్ను బయటికి తీస్తుంటే నాలుగు చుక్కలు నా వేళ్ళ మీద పడ్డాయి. భూమికి దక్షిణాన ఉన్న ఈ దేశంలో జూలై చలికాలం. చలికి చేతులు మొద్దుబారి ఉన్నా వాసన మాత్రం వెంటనే ముక్కుకి తగిలింది. పెట్రోలు చేతి మీద పడితే క్షణంలో ఆవిరైపోతుంది. డీజిల్ అలా కాదు, జిడ్డుగా పట్టుకుంటుంది, సబ్బుతో రెండుసార్లు కడిగినా పోదు. చాలామందికి గిట్టని ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు డాక్టర్ వసుంధర గుర్తొస్తారు. ఆవిడ బండ్ల వ్యాపారి కాదు, మెకానిక్ అంతకన్నా కాదు. పళ్ళ డాక్టరు. తెనాలి నుంచి వచ్చి ముప్ఫయ్యేళ్ళకు పైగా ఈ ఊళ్ళో వైద్యం చేశారు. పొట్టిగా, బొద్దుగా ఉండేవారు. నుదుట పెద్ద బొట్టు, కాళ్ళకు ఇక్కడి రైతులు పశువుల దొడ్లలో వేసుకునే బూట్లు. ఈ రెండూ ఒకే మనిషి మీద చూడటం నాకు అదే మొదలు.

ఆవిడను మొదటిసారి చూసింది ఒక ఇంటి భోజనాల దగ్గర. నేను కరీంనగర్ నుంచి వచ్చి, ఇక్కడి పరీక్షలు పాసై, ఒక క్లినిక్‌లో చేరిన మొదటి ఏడాది అది. పెరట్లో బార్బెక్యూ చుట్టూ మగవాళ్ళు గట్టిగా వాదించుకుంటున్నారు. ఒకాయన యూట్ కొనబోతున్నాడు. వెనక తొట్టి ఉండే బండిని ఇక్కడ యూట్ అంటారు. డీజిల్‌దే కొనాలని సగం మంది, పెట్రోలుదే మేలని మిగతా సగం. టార్క్ అంటారు, హార్స్‌పవర్ అంటారు, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. వసుంధర ఆంటీ పళ్ళెం పట్టుకుని కాసేపు విన్నారు. ఆ తర్వాత ఆ బండి కొనబోయే ఆయన్ని ఏం లాగుతావని, ఎంత బరువని, ఏడాదికి ఎన్నిసార్లని వరసగా అడిగారు. లాగడానికి ఇంకా ఏమీ కొనలేదనీ, ఎప్పుడైనా చక్రాల ఇల్లు లాంటి క్యారవాన్ కొంటే పనికొస్తుందనీ ఆయన నసిగాడు.

"అయితే ముందు ఆ లాగేదేదో కొనుక్కో బాబూ. పిల్లని చూడకుండా పెళ్ళిపీటలు కొంటారా ఎవరైనా?" అన్నారు ఆంటీ.

అందరూ నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వకుండా నా వైపు తిరిగి, "నువ్వు డెంటిస్టువటగా. సాటర్‌డే ఖాళీయేనా?" అని అడిగారు. ఖాళీయే అన్నాను. నా జీవితం ఆ ఒక్క మాటతో పడమటి దారి పట్టింది.

ఆవిడ అప్పటికి పదేళ్ళుగా ఒక ట్రెయిలర్ నడుపుతున్నారు. తెల్లరంగు వేసిన చక్రాల గది అది. లోపల ఒక పళ్ళ కుర్చీ, చిన్న ఎక్స్‌రే మిషను, గాలి కంప్రెసరు, నీళ్ళ ట్యాంకులు. పళ్ళ డాక్టరు లేని చిన్న ఊళ్ళు పడమట చాలా ఉన్నాయి. పన్ను నొప్పికి మూడు వందల కిలోమీటర్లు రాలేక నెలల తరబడి ఓర్చుకునే మనుషులు ఆ ఊళ్ళలో ఉంటారు. రెండు నెలలకోసారి ఆంటీ ట్రెయిలర్ తగిలించుకుని వాళ్ళ దగ్గరకే వెళ్ళేవారు. నేను చేరిన రెండో ఏడు, దాన్ని లాగే పాత బండి ముసలిదైపోయింది. సంగతి తెలిసి ఒక పశువుల రైతు తన పెద్ద పెట్రోలు పికప్‌ను ఉచితంగా ఇస్తానన్నాడు. ఆయన దవడ పళ్ళు ఆంటీయే కాపాడారు. బండి కొత్తదనిపించేలా ఉంది. ట్రెయిలర్ ఖర్చులు చూసుకునే మా చిన్న కమిటీలో రఘురామ్ అనే ఇంజనీరు ఉండేవాడు. నాలుగున్నర టన్నులు లాగే బండి ఊరికే వస్తుంటే ఆలోచించేదేముందన్నాడు. అందరం సరేనన్నాం. ఆంటీ ఒక్కరే ఆగమన్నారు.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ట్రెయిలర్‌ను లారీలు తూచే వేబ్రిడ్జి మీదకి తీసుకెళ్ళారు. మామూలుగా కాదు, ప్రయాణానికి ఎలా సర్దుతామో అలా సర్దించి, ట్యాంకుల్లో నీళ్ళు నింపించి మరీ తూయించారు. కాగితాల్లో రాసి ఉన్నదానికన్నా అర టన్ను ఎక్కువ తేలింది. నేను గాభరా పడ్డాను. ఆవిడకు ఆశ్చర్యం కలగలేదు. పేషెంటు చెప్పిన నొప్పి ఒకచోట, పుచ్చిన పన్ను ఇంకోచోట ఉండటం మనకు కొత్తా అన్నారు.

ఆ తర్వాత రెండు ఆదివారాలు పరీక్ష పెట్టారు. ఒక వారం రైతు ఇస్తానన్న పెట్రోలు బండితో, ఇంకో వారం తెలిసినవాళ్ళను అడిగి తెచ్చిన డీజిల్ యూట్‌తో. అదే ట్రెయిలర్, అదే బరువు, అదే దారి. మా ఊరు కొండమీద ఉంటుంది. తూర్పున దిగే రోడ్డు ఎంత నిటారంటే, పెద్ద లారీలు నడిచే మనిషి వేగంతో దిగుతాయి. ముందు ఆ కొండ దిగి ఎక్కాలి. తర్వాత పడమట చదును నేల మీద ఎదురుగాలిలో మైల్స్ అనే ఊరి దాకా పోయి రావాలి. మొదటి ఆదివారం బండి తాళాలు నా చేతిలో పెట్టారు. నాకు లైసెన్సు వచ్చి ఎనిమిది నెలలే.

"ఆంటీ, నాకు చిన్న కారే సక్కగ రాదు. మీరే నడుపుండ్రి, నేను పక్కకు కూసుంట," అన్నాను.

"రాకపోతేనేగా నేర్చుకునేది. ఎక్కు," అన్నారు.

ఎక్కి స్టీరింగు పట్టుకున్నాను. ఆవిడ పక్క సీట్లో ఒళ్ళో నోట్‌బుక్ పెట్టుకుని కూర్చున్నారు. గేరు తగ్గించమని, తొందరపడొద్దని చెప్పడమే తప్ప ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. పెట్రోలు బండి ఎక్కుడులో సింహంలా గర్జించుకుంటూ పోయింది. దిగుడులో గేరు తగ్గిస్తే చక్కగా నిలదొక్కుకుంది. డీజిల్‌ది ఎక్కుడులో చప్పుడు తక్కువ, బలం ఎక్కువ. ఎద్దులా తలవంచుకుని పోయింది. కానీ దిగుడులో ఇంజిన్ అంతగా పట్టి ఆపలేదు, బ్రేకులు ఎక్కువసార్లు తొక్కాల్సి వచ్చింది. దిగాక ఆంటీ నోట్‌బుక్‌లో మొట్టమొదట రాసింది ఆ మాటే. దిగుడులో పెట్రోలే మేలు అని. ఆవిడ మనసు డీజిల్ వైపు ఉందని అప్పటికే కనిపెట్టాను కాబట్టి, అదే ముందెందుకు రాశారని అడిగాను.

"నాకు నచ్చనిదాన్ని ముందు రాసుకోవాలమ్మా, లేకపోతే కన్వీనియెంట్‌గా మర్చిపోతాం. ఎక్స్‌రే కూడా అంతే. మనం వెతికేదే మనకి కనిపిస్తుంది."

పడమటి దారిలో అసలు సంగతి తేలింది. బరువు లాగుతూ ఎదురుగాలిలో పోయేటప్పుడు పెట్రోలు బండి దాహానికి అంతులేకుండా పోయింది. మైల్స్ చేరేసరికి ముల్లు అడుగుకు దిగింది. డీజిల్ బండి అదే దూరం పోయి, తిరిగి వచ్చాక కూడా ఇంకా కొంత మిగుల్చుకుంది. మేము వెళ్ళే ఊళ్ళ మధ్య గంటల తరబడి బంకు కనపడని దారులున్నాయి. కమిటీలో ఆంటీ రెండు బండ్ల గుణాలూ దోషాలూ చదివి వినిపించి, మన దారికి డీజిలే సరైనదన్నారు. దాంతోపాటు ఒక షరతు పెట్టారు. డీజిల్ బండిని ఊళ్ళో చిన్న చిన్న పనులకు తిప్పితే పొగ వడగట్టే ఫిల్టరు మసితో మూసుకుపోతుంది. కాబట్టి కూరగాయలకనీ, ఎయిర్‌పోర్టుకనీ ఎవరూ దాన్ని అడగకూడదు. ఊళ్ళో తిరగడానికే అయితే పెట్రోలుదే కొనమని తానే చెప్పేదాన్నన్నారు. రఘురామ్ కాసేపు లెక్కలు చూసి, ఒప్పుకుంటూ తలూపాడు.

ఊరికే వచ్చిన బండిని వద్దనడం మాత్రం మిగిలింది. ఆ పని ఇంకొకరికి అప్పగించకుండా ఆంటీ స్వయంగా ఆ రైతు ఇంటికి వెళ్ళారు. నేనూ వెళ్ళాను. ఆయన నొచ్చుకుంటాడేమోనని నాకు బెంగ. ఆంటీ కారణాలన్నీ చెప్పేదాకా ఆయన టోపీ తిప్పుకుంటూ విన్నాడు. చివరికి, దాని దాహం భరించలేకే మీకు అంటగడదామనుకున్నానని ఒప్పుకున్నాడు. ఆంటీ అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత మాకు తగిన డీజిల్ యూట్‌ను వెతికిపెట్టింది కూడా ఆయనే.

కొత్త బండితో మూడో ప్రయాణంలో అది జరిగింది. బయలుదేరే ముందు సామాను సర్దింది నేను. నీళ్ళ క్యాన్లు దించుకోవడానికి సులువుగా ఉంటుందని అన్నీ ట్రెయిలర్ వెనక తలుపు దగ్గర పెట్టాను. గంటకి వంద కిలోమీటర్ల దగ్గర పోతుంటే ఎదురుగా మూడు ట్రెయిలర్లు కట్టిన పెద్ద లారీ దూసుకుపోయింది. ఆ గాలికి మా ట్రెయిలర్ తోక ఊపడం మొదలుపెట్టింది. ఒక ఊపు, దానికన్నా పెద్దది ఇంకోటి. వెనక నుంచి ఎవరో బండిని రోడ్డు బయటికి విసురుతున్నట్టనిపించింది. నా కాలు బ్రేకు వైపు పోయింది.

"బ్రేకు వద్దు. కాలు తీసెయ్. ట్రెయిలర్ బ్రేకు నొక్కు, చేత్తో," అన్నారు ఆంటీ. కుర్చీలో పేషెంటుకి నోరు తెరవమని చెప్పే గొంతు అది.

ట్రెయిలర్ చక్రాలను మాత్రమే పట్టి ఆపే మీట డాష్‌బోర్డు కింద ఉంటుంది. దాన్ని నొక్కాను. ఊపు తగ్గింది, బండి దారికొచ్చింది. రోడ్డు పక్కన ఆపి దిగాను. బండిని తిట్టబోయాను. ఆంటీ ట్రెయిలర్ వెనక తలుపు తీసి, క్యాన్ల వైపు చూపించారు. బరువంతా వెనక పడితే ట్రెయిలర్ ముక్కు తేలిపోతుంది, ఏ ఇంజినూ దాన్ని కాపాడలేదు. ఆ తప్పు నాదేనని ఆవిడ అననక్కరలేకపోయింది. ఎర్రమట్టిలో నిలబడి క్యాన్లన్నీ దించి ఇరుసుల మీదకి, కాస్త ముందుకి సర్దాను. ఇద్దరికీ ఫ్లాస్కులో టీ ఉంది. ఆవిడకు కప్పు అందించాను. అప్పుడు చూశాను. కప్పు వణుకుతోంది. భయంతో అనుకున్నాను. కానీ ఆవిడ ఎడమ చెయ్యి స్థిరంగా ఉంది. కుడి చెయ్యి ఒక్కటే వణుకుతోంది.

నేను చూడటం చూసి, "ఇది ఇవాళ్టిది కాదులే. పార్కిన్సన్స్. ఆ రెండు బండ్ల ట్రయల్స్‌కి ముందు నెల తెలిసింది," అన్నారు.

నాకు ఒక్కొక్కటే అర్థమవుతూ వచ్చింది. తాళాలు నా చేతిలో ఎందుకు పెట్టారో. ఎవరు నడపబోతున్నారో తెలిసే ఆ బండిని ఎంచుకున్నారని. అన్నిటికన్నా, ఏడెనిమిది నెలలుగా ట్రెయిలర్‌లో ప్రతి పేషెంటునీ నీకు ప్రాక్టీసు కావాలంటూ నాకే ఎందుకు వదిలేశారో. పనంతా నా మీద పడేసి ఆవిడ హాయిగా ఉన్నారని లోలోపల విసుక్కున్నాను కూడా. నిజానికి చెయ్యి వణికిన మొదటి వారమే, ఎవరూ చెప్పకుండానే, ఆవిడ పరికరం కింద పెట్టేశారు. ఎందుకు చెప్పలేదని అడిగాను. ఏడుస్తూ అడిగానేమో.

"చెబితే నువ్వు జాలిపడుతూ నేర్చుకునేదానివి. భయపడుతూ నేర్చుకోవడం బెటరు," అని కప్పు ఎడమ చేతిలోకి మార్చుకున్నారు.

ఆ మధ్యాహ్నం ట్రెయిలర్‌లో పద్నాలుగు మందిని చూశాను. వాళ్ళలో ఒక పెద్దాయన ఏళ్ళుగా ఆంటీ పేషెంటు. పళ్ళ కుర్చీ పక్కన నన్ను చూసి వెనకాడి, డాక్టరే కావాలన్నాడు. ఆంటీ సింకు దగ్గర నా పరికరాలు కడుగుతున్నారు. వెనక్కి తిరక్కుండానే, "షీ ఈజ్ ద డాక్టర్, మేట్. ఐ జస్ట్ వాష్ అప్," అన్నారు. ఆయన కుర్చీలో వాలి నోరు తెరిచాడు. నా డిగ్రీలు, నేను పాసైన పరీక్షలు ఏవీ ఇవ్వని గర్వం ఆ ఒక్క మాట నాకిచ్చింది. ముప్ఫయ్యేళ్ళ పేరున్న మనిషి తన కుర్చీ ఖాళీ చేసి, అందరి ముందూ నన్ను అందులో కూర్చోబెట్టింది.

ఆ తర్వాత ఇంకో నాలుగేళ్ళు ఆవిడ ప్రతి ప్రయాణానికీ వచ్చారు. పేర్లు పిలిచేవారు, భయపడే పిల్లల చెయ్యి పట్టుకునేవారు. చెయ్యి వణుకుతోందని పిల్లలు అడిగితే, నాక్కూడా డాక్టరంటే భయమేనని చెప్పేవారు. నడక కష్టమయ్యాక ఇంట్లో ఉండిపోయారు. అప్పుడు కూడా ప్రయాణం ముందురోజు ఫోన్ చేసి, బరువెలా సర్దావని అడిగేవారు. రెండేళ్ళ కిందట పోయారు. అంత్యక్రియలకు పడమటి ఊళ్ళ నుంచి యూట్లు వరసగా వచ్చాయి. వాటిలో డీజిల్‌వి ఎన్నో, పెట్రోలువి ఎన్నో చూడాలన్న ధ్యాస రఘురామ్‌కి కూడా లేదు.

ఇప్పుడు ఆ ప్రయాణాలు నావి. ఏ విషయంలోనైనా తేల్చుకోవలసి వస్తే, నాకు నచ్చనిదాన్ని ముందు రాసుకుంటాను. నా చేతులను గమనించుకుంటూ ఉంటాను. నా తర్వాత కుర్చీలో కూర్చునే మనిషిని అవసరం రాకముందే సిద్ధం చేయాలని తెలుసు. ఈ ఏడాది నుంచి ఇద్దరు కొత్త డాక్టర్లను వెంట తీసుకెళ్తున్నాను.

పోయిన నెల ఒక చిన్న ఊళ్ళో, కమ్యూనిటీ హాలుకీ నీళ్ళ ట్యాంకుకీ మధ్య ఉన్న ఇరుకు సందులోకి ట్రెయిలర్‌ను ఒక్క పట్టున వెనక్కి పెట్టాను. గోడకానుకుని చూస్తున్న ఒక ముసలి డ్రోవరు దగ్గరికొచ్చాడు. బతుకంతా పశువులను తోలినవాడు. ఇలా పెట్టడం ఎవరు నేర్పారు, నాన్నా, మొగుడా అని అడిగాడు. ఒక పళ్ళ డాక్టరని చెప్పాను. హాస్యమనుకుని నవ్వాడు. నేను నవ్వలేదు. ఆవిడ పేరు చెప్పి, పలకమన్నాను. మొదటిసారి సగంలో ఆగిపోయాడు. రెండోసారి అక్షరాలు తారుమారు చేశాడు. బయట జనం వరసలో నిలబడ్డారు, లోపల కంప్రెసరు మొదలైంది. అయినా, వ-సుం-ధ-ర అని ఆయన సరిగ్గా పలికేదాకా నేను అక్కణ్ణుంచి కదల్లేదు.