రెండోసారి బరువు

ఆ ఆసుపత్రిలో ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వాడకంలో లేదు. తోటమాలి నుంచి పెద్ద డాక్టరు దాకా అందరికీ ఆమె చరిత్రమ్మ. డాక్టరు చూడకముందే రోగి పుట్టుపూర్వోత్తరాలన్నీ రాబట్టి కాగితం మీద పెట్టడం ఆమె ఉద్యోగం. ఏం బాధ, ఎప్పట్నుంచి, ఇంతకుముందు ఏమేం వచ్చాయి, ఏం మందులు మింగుతున్నారు, ఏం అలవాట్లున్నాయి, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా. ఇరవై ఆరేళ్లుగా రోజుకి నలభై మందిని ఇలా అడుగుతూనే ఉంది. రాజుల చరిత్ర రాసేవాళ్లకు రాజు పోయాకైనా కాస్త తీరిక దొరుకుతుంది. ఈమె రాసేది బతికున్నవాళ్లది, పైగా వాళ్లు పదిహేను రోజులకోసారి మళ్లీ వస్తారు.

రాసి రాసి కుడి మణికట్టు అరిగిపోయింది. ఎముకల డాక్టరు నొక్కి చూసి, ఇక రాయడం తగ్గించాలమ్మా అన్నాడు. ఆయన ఆ ముక్క చెబుతున్నప్పుడు కూడా ఆమె తన కేసు కాగితం తానే రాసుకుంటోంది.

ఈ ప్రశ్నల రోగం ఇంటికీ పాకింది. భర్త దర్జీ, మితభాషి. ఒకసారి పాపం నోరు జారి కడుపులో నొప్పిగా ఉందన్నాడు. ఎప్పట్నుంచి, తిన్నాకా తినకముందా, పొడిచినట్టా పిండినట్టా, వీపులోకి పోతోందా అని ఆమె మొదలుపెట్టేసరికి తగ్గిపోయిందని చెప్పి మిషను ముందు కూర్చున్నాడు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఆయనకు ఏ జబ్బూ రాలేదు.

చరిత్రమ్మకు ఒక పద్ధతి ఉండేది. రోగి లోపలికి రాగానే గేటు దగ్గరే బరువు చూసి చీటీ ఇస్తారు. ఆ చీటీతో వచ్చి, పక్కన మొగుడో పెళ్లామో కొడుకో కోడలో కూర్చుని ఉండగా రోగి జవాబులన్నీ చెబుతాడు. చాలాసార్లు పక్కవాళ్లే చెబుతారు. అంతా అయ్యాక ఆమె పెన్ను మూసి, "ఏదీ, ఒక్కసారి బరువు చూద్దాం రండి," అంటుంది. గది మూలన ఆకుపచ్చ తెర, తెర వెనక పాత ముల్లు మిషను. అక్కడ ఒకటిన్నర మనిషికే చోటు. రోగి ఒకడు, చరిత్రమ్మ సగం. చుట్టాలు బల్ల మీదే ఉండిపోవాలి.

చెప్పులు విడిచి, ఎక్కి నిలబడి, ముల్లు వంక చూస్తున్నవాణ్ని ఆమె అవే ప్రశ్నలు మళ్లీ మెల్లగా అడిగేది. ఎదురుగా మొహం కనబడకపోవడం వల్లనో ఏమో, జవాబులు మారిపోయేవి. కొడుకు ముందు చుట్ట ముట్టనన్న పెద్దాయన రోజుకి పన్నెండని లెక్క చెప్పేవాడు. షుగరు బిళ్లలు వేళకి వేసుకుంటున్నానన్న అత్తగారు అవన్నీ తలగడ గలీబులో దాస్తున్నానని ఒప్పుకునేది. ఆ మిషను మూడు కిలోలు ఎక్కువ చూపిస్తుంది. బాగుచేయించమని ఆమె ఎన్నడూ అడగలేదు, ఆ బరువు ఎన్నడూ రాసుకోలేదు. ఇది పద్ధతి అని ఎవరికీ చెప్పనూ లేదు. ఎవరూ అడగలేదు.

అడిగినవాడు కంప్యూటరాయన. ఆసుపత్రిలోకి ఏఐ వస్తోందని, అది మాటలు విని కేసు కాగితం తనే రాసేస్తుందని, పెద్ద డాక్టరు ఆయన్ని వెంటబెట్టుకొచ్చాడు. కంప్యూటరాయన రెండు రోజులు ఆమె పక్కన కూర్చుని గడియారం పెట్టి అన్నీ రాసుకున్నాడు. మర్యాదస్తుడే. గేటు దగ్గర బరువు చూస్తున్నారు కదా మేడమ్, ఇక్కడ మళ్లీ ఎందుకని అడిగాడు. ఆ రోజు ఆమె మణికట్టుకి పట్టీ ఉంది, బయట బల్ల మీద ఇంకా పంతొమ్మిది మంది ఉన్నారు. ఇరవై ఆరేళ్ల సంగతి నిలబడి వివరించే ఓపిక లేకపోయింది. "అలవాటు బాబూ," అంది. మనిషికి నాలుగు నిమిషాలు మిగులుతాయని సంబరపడి ఆయన ఆ రెండో బరువుని పనుల పట్టీలోంచి కొట్టేశాడు.

ఒప్పందం ఇదీ. నెల రోజులు పరీక్ష. ప్రతి కాగితం కంప్యూటరులో చదివి ఆమె 'సరిచూశాను' అని నొక్కాలి. నెలాఖరున లోపమేమీ లేదని సంతకం పెడితే ఆ ఏఐ మిషను ఆసుపత్రి అంతటికీ వస్తుంది, ఆమె పాత కాగితాల గదికి వెళ్తుంది. అక్కడ చేతులున్న కుర్చీ ఉంది, ఫ్యానుంది. అన్నిటికన్నా ముఖ్యం, కాగితాలు మాట్లాడవు. ఒక మధ్యాహ్నం ఆమె ఎవరూ చూడకుండా వెళ్లి ఆ కుర్చీలో ఐదు నిమిషాలు కూర్చుని వచ్చింది. తిరిగొచ్చాక తన బల్ల మునుపటికన్నా గట్టిగా తగిలింది. ఆ కుర్చీ ఆమెకు కావాలి. దాని కోసం ఆ మిషను నెగ్గాలని ఆమెకున్నంత కోరిక దాన్ని తయారుచేసినవాళ్లకు కూడా ఉండి ఉండదు.

తెల్ల కోటు జేబుకి తగిలించే చిన్న డబ్బీ అది. ఆమె దానికి చెవి అని పేరు పెట్టింది. నిజానికి చెవి పనిమంతురాలే. ఒక ముసలమ్మ మోకాళ్లు చూపించుకోవడానికొచ్చి, పక్కింటి వాళ్ల కుళాయి గొడవ పది నిమిషాలు చెప్పింది. కాగితం మీద 'మోకాళ్ల నొప్పి, ఆరు నెలలుగా, మెట్లెక్కితే ఎక్కువ' అని మాత్రమే వచ్చింది. కుళాయి ఊసే లేదు. చరిత్రమ్మ చదివి, ఇదేదో నేను ఉద్యోగంలో చేరినప్పుడే వచ్చుంటే నా చెయ్యి మిగిలేదనుకుంది. పట్టీ విప్పేసింది.

మూడో వారానికి ఒక వింత కనబడింది. జనమంతా బాగుపడిపోయారు. తాగుడు: లేదు. పొగ: లేదు. మందులు: వేళకి వేసుకుంటున్నారు. ఆరు వందల కాగితాలు తిరగేస్తే ఒక్క చెడ్డ మనిషి లేడు. లివరు ఉబ్బి వచ్చినవాడు కూడా పెళ్లాం సాక్షిగా పాలు తప్ప ముట్టనివాడే. ఎందుకో ఆమెకు తెలుసు. తెలిసీ నొక్కుతూ పోయింది. డాక్టర్లు వాళ్లకు వాళ్లు కనిపెట్టుకోరా అని సర్దిచెప్పుకుంది. నిద్ర మాత్రం సరిగ్గా పట్టడం లేదు.

ఇరవై ఎనిమిదో రోజున స్కూలు వ్యాను డ్రైవరు వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, పక్కన భార్య. ఎడమ అరచెయ్యి కాలి బొబ్బలెక్కింది. మొత్తం భార్యే చెప్పింది. వేడినీళ్ల గిన్నె దింపుతుంటే ఒలికిందట. చరిత్రమ్మ వరసగా అడిగింది. ఫిట్స్ గానీ స్పృహ తప్పడం గానీ ఎప్పుడైనా ఉన్నాయా అంటే భార్య నవ్వింది. "ఆయనకా? జలుబు కూడా చెయ్యదమ్మా." డ్రైవరు నేలకేసి చూస్తూ తలూపాడు.

కాగితం వచ్చింది. ముచ్చటైన కాగితం. చరిత్రమ్మ వేలు బటన్ మీద పెట్టి మళ్లీ ఆ చెయ్యి వంక చూసింది. నీళ్లు ఒలికితే పైనుంచి కారి, చుక్కలుగా కాలుతుంది. ఇది అరచెయ్యంతా ఒకేలా, ఆనించి పెట్టినట్టు కాలింది. వేడి తగిలితే నిద్రలో ఉన్న మనిషైనా చెయ్యి లాక్కుంటాడు. ఈ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

ఇంకో రెండు రోజులు. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. నా ప్రాణానికే రావాలా ఈయన, ఎల్లుండి తర్వాత కాల్చుకోకూడదా అనుకుంది. తర్వాత లేచింది.

"రా నాయనా, ఒకసారి బరువు చూద్దాం."

గేటు దగ్గర చూశారు కదమ్మా అని భార్య చీటీ చూపించింది. ఆ మిషను మీద తనకు నమ్మకం లేదని చరిత్రమ్మ కొంచెం కూడా తడుముకోకుండా అబద్ధమాడింది.

నాలుగు వారాలుగా వాడకపోవడంతో ఊడ్చేవాళ్లు ముల్లు మిషను మీద బకెట్టు పెట్టుకున్నారు. దాన్ని కాలితో జరిపి ఆయన్ని ఎక్కించింది. ముల్లు ఊగి ఆగింది.

"చెయ్యి ఎందుకు తియ్యలేదు?"

ఆయన ముల్లునే చూస్తున్నాడు. "చెయ్యి అక్కడుందని తెలియలేదమ్మా. పెనం మీద ఆనించానని వాసనొచ్చాక తెలిసింది. ఇంట్లో నీళ్లని చెప్పా."

"ఇట్లా ఎన్నిసార్లు?"

"నాలుగు. కరెంటు పోయి వచ్చినట్టుంటది. నేను ఎక్కడివాణ్ని అక్కడే ఉంటా, ఎదుటి పని మాత్రం ముందుకెళ్లిపోయుంటది."

"బండిలో?"

ఒక్కసారేనని, సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడేనని, వెనక బండ్లు హారన్ కొడితే తెలివొచ్చిందని చెప్పాడు. బండిలో ఎంతమంది పిల్లలని అడిగితే పద్నాలుగన్నాడు. ఆ తర్వాత గొంతు బాగా తగ్గించి, "రాయకండమ్మా. నాకొచ్చిన పని అదొక్కటే," అన్నాడు.

అప్పుడు చరిత్రమ్మకు జేబుకున్న చెవి గుర్తొచ్చింది. దాని పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. ఈ తెర వెనక మూడో ప్రాణి ఉండటం అలవాటు లేక ఆపడం మర్చిపోయింది. దాచిపెట్టలేదు, చెప్పేసింది. ఇదంతా ఈ డబ్బీ వినేసింది నాయనా, తప్పు నాది అంది. ఆయన మొహం చూడలేక కోటు బొత్తాం సరిచేసుకుంది.

"తుడిచెయ్యమంటే తుడిచేస్తుంది, ఒక్క బటనే," అంది. "మరి నేను విన్నాను కదా. నన్నెట్లా తుడుస్తావు? సాయంత్రం మూడున్నరకి ఆ పద్నాలుగు మందిని ఎక్కించుకోవాలా వద్దా?"

ఆయన మిషను దిగలేదు. ముల్లు చిన్నగా వణుకుతోంది. తెర అవతల భార్య ఇంకెంతసేపు అన్నట్టు దగ్గింది.

"నేనే చెప్తాను దానికి," అన్నాడు చివరికి. "ఎటు తిరిగి చెప్పాలి?"

చరిత్రమ్మ జేబుని ఆయన వైపు పట్టుకుని నిలబడింది. ఆయన చేతులు కట్టుకుని, పై అధికారికి చెప్పుకున్నట్టు, మొదటిసారి ఎప్పుడొచ్చిందో దగ్గర్నుంచి వరసగా చెప్పాడు. మధ్యలో ఆమెకు పొలమారింది గానీ, మాట చెడుతుందేమోనని గుటక మింగి ఊరుకుంది.

కాగితం వచ్చింది. నాలుగు సార్లూ తేదీలతో సహా, 'పిల్లల వాహనం నడుపుతారు' అనేది పైన విడిగా. ఇంత శుభ్రంగా ఆమె అయినా రాయగలిగేది కాదు. నరాల డాక్టరు దగ్గరికి పంపింది. భార్యకు ఆయనే చెప్పుకున్నాడు. ఆవిడ ఫోను తీసి వ్యాను యజమానికి, చెయ్యి కాలింది, ఇవాళ వేరే మనిషిని పెట్టుకోండి అని మాత్రం చెప్పింది.

నెలాఖరున పెద్ద డాక్టరు గదిలో సంతకం కాగితం ఆమె ముందు పెట్టారు. 'లోపాలు' అన్నచోట చరిత్రమ్మ నొప్పిచేత్తో రాసింది: రెండోసారి బరువు మళ్లీ పెట్టాలి. ఎందుకో చెప్పింది. నెల రోజుల కాగితాలన్నీ తెలిసే నొక్కానని, ఆ మనుషులందర్నీ మళ్లీ పిలిపించాలని కూడా చెప్పింది. పెద్ద డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కంప్యూటరాయన చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజే చెప్పుంటే బాగుండేది కదా మేడమ్ అన్నాడు. అవును బాబూ, చెప్పాల్సింది అంది. ఇంకొకటి కూడా అడిగింది. తెర వెనక్కి వెళ్లినప్పుడు ఆ డబ్బీ వినమంటారా వద్దా అని ముందు రోగినే అడగాలట. అది చెయ్యొచ్చని కంప్యూటరాయన ఒప్పుకున్నాడు.

మరి తెర వెనక నిలబడేదెవరని పెద్ద డాక్టరు అడిగాడు. ఇద్దరూ ఆమె వంకే చూశారు. ఇంకొకరికి నేర్పడానికి ఏడాదైనా పడుతుందని ఆమెకు తెలుసు. అదే చెప్పింది. కాగితాల గదికి అప్పటిదాకా ఇంకెవర్నైనా చూసుకోమంది.

"మీకు విశ్రాంతి అక్కర్లేదా అమ్మా?" అన్నాడు పెద్ద డాక్టరు.

"కావాలి డాక్టరుగారూ. చాలా కావాలి," అంది. ఎవరైనా చెయ్యందించి లేపుతారేమోనని ఒక్క క్షణం చూసి, బల్ల అంచు పట్టుకుని తనే లేచింది.