నీళ్లలో ఉండాల్సిన పొర

ఏడో తరగతి మూడేళ్లు చదివాను. అంత క్షుణ్ణంగా చదివినవాడు మా ఊళ్లో ఇంకొకడు లేడు. ఆ చదువుతోనే గుంటూరులో ఒక కాలేజీ ల్యాబులో అటెండర్నయ్యాను.

అక్కడ పరిశోధన చేసే సారు ఒకాయన నీళ్లలో గాజుబిళ్ల మీద పల్చటి కొవ్వు పొర పరిచేవారు. మన ఒంట్లో కణాల చుట్టూ ఉండేది అలాంటి పొరేనట. గాలి తగిలితే చెదిరిపోతుందని, బిళ్లను నీళ్ల అడుగునే ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి మార్చేవారు. అంతసేపూ తనే మునిగినట్టు ఊపిరి బిగబట్టేవారు.

"ఏం సార్, ఈత నేర్చుకుంటున్నారా?" అంటే నవ్వేవారు. కంటికి కనపడని పొరను నేనెక్కడ నమ్మాను?

డాక్టరేట్ గడువు ముగిసే వారం, మిగిలిన ఆఖరి చిటికెడు కొవ్వుతో పొర కుదిరింది. మర్నాడు గైడుగారు చూడటానికి వస్తారని పొద్దున్నే ల్యాబంతా శుభ్రం చేశాను. ఆ బిళ్లను కూడా బయటికి తీసి తళతళలాడేలా తుడిచిపెట్టాను.

సారు తిట్టలేదు. దాన్ని మళ్లీ నీళ్లలో పెట్టి, ఊపిరి బిగబట్టి చూస్తూ నిలబడ్డారు.

డాక్టరేట్ లేకుండానే వెళ్లిపోయారు. రెండేళ్లకు దర్శిలో పురుగుమందుల కొట్లో గుమాస్తాగా కనిపించారు. నా నోరు ఊరుకోదు కదా, "కొట్టు అద్దాలు మాసిపోయాయి సార్, తుడవమంటారా?" అన్నాను.

"తుడువయ్యా. ఇక్కడ నువ్వెంత తుడిచినా పోయేదేం లేదు."